వీధిలో నిలిపే కారుకి అలారం: కొనేముందు, వైరు కోసేముందు

అర్ధరాత్రి వీధిలో కారు సైరన్ మొదలైతే తొలిరోజు పది కిటికీలు తెరుచుకుంటాయి. నాలుగో రోజుకి "మళ్ళీ ఆ కారేలే" అని అందరూ దుప్పటి మీదికి లాక్కుంటారు. ఆ తర్వాత నిజంగా ఎవడైనా అద్దం పగలగొట్టినా ఒక్కరూ లేవరు. అందుకే ఊరికే మోగే అలారం అసలు అలారం లేకపోవడంకన్నా చేటు. బిగించేటప్పుడు ప్రతి వైరునీ, ప్రతి స్క్రూనీ ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని చూడాలి.

ఊరికే మోగిందంటే తప్పు డబ్బాలోని యూనిట్‌ది కావడం అరుదు. డోరు వైరు ఎక్కడినుంచి తీశారు, షాక్ సెన్సరు దేనికి బిగించారు, ఎర్త్ (బాడీ రేకుకి ఇచ్చే నెగటివ్ కనెక్షన్) ఎక్కడ ఇచ్చారు, బానెట్ స్విచ్చిలోకి వాననీళ్ళు ఎలా దిగాయి, గొడవలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో బిగించినా, హైదరాబాద్ కోఠీలో కొని ఇంటి దగ్గర ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకున్నా లెక్క ఒకటే.

ఇక్కడ చెప్పేది సెంట్రల్ లాకింగ్ లేని బేస్ మోడల్ పెట్రోల్ కార్ల గురించి. పాత ఆల్టో, వ్యాగనార్ లాంటివి. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లకీ, కంపెనీ రిమోటు ఉన్న కార్లకీ ఈ వైరింగ్ పనికిరాదు. వాటికి ఆ మోడల్ కోసమే చేసిన, కప్లర్‌కి కప్లర్ (వైర్ల చివరుండే ప్లగ్గు) తగిలించే కిట్ తీసుకోండి. వారంటీలో ఉన్న కారైతే ఒక్క వైరు కూడా కోయనివ్వకండి. రేపు ఎలక్ట్రికల్ ఫిర్యాదు ఏది వచ్చినా ఆ జాయింటునే చూపించి వారంటీ లేదంటారు.

ఏం కొనాలి

కారులో ఇమ్మొబిలైజర్ ఉందో లేదో ముందు చూసుకోండి. తాళంచెవి తలలో చిప్ ఉంటుంది, దాన్ని ఇంజిన్ కంప్యూటర్ గుర్తుపడితేనే బండి స్టార్టవుతుంది. మారుతి దీన్ని ఐకాట్స్ అంటుంది. అది ఉంటే కారుని స్టార్ట్ చేసి తీసుకెళ్ళడం కష్టం. కానీ అద్దం పగలగొట్టి బ్యాగు లాక్కెళ్ళేవాణ్ణి అది ఆపదు, ఆ పని సైరన్‌ది. ఇమ్మొబిలైజర్ లేని పాత కారుకి మాత్రం సైరన్ ఒక్కటే చాలదు. ఆరితేరిన దొంగ తాటాకు చప్పుళ్ళకి బెదరడు. వాణ్ణి నిలిపేది ఇంజిన్ కట్ రిలే, అంటే బండి స్టార్టవకుండా వైరుని తెంపే, కరెంటుతో పనిచేసే స్విచ్చి. అది లేని కిట్ చవగ్గా వచ్చినా వద్దు.

రెండోది రిమోటు కోడ్. ఈ రిమోట్లలో ఎక్కువ భాగం 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. చవక రకాల్లో ప్రతిసారీ ఒకే కోడ్ వెళ్తుంది. దాన్ని పక్కనే నిలబడి పట్టుకుని మళ్ళీ వదిలితే కారు తెరుచుకుంటుంది. రోలింగ్ కోడ్ రకంలో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, పాతది చెల్లదు. డబ్బామీద రాసిందే నమ్మక్కర్లేదు, కొట్లోనే తేల్చుకోవచ్చు. గేట్లకీ షట్టర్లకీ వాడే చవక కాపీ రిమోటు తాళాల కొట్లలో దొరుకుతుంది. అదే ఫ్రీక్వెన్సీది తీసుకుని మీరు కొనబోయే రిమోటుని దాంట్లోకి కాపీ చేయించండి. కాపీతో అలారం తెరుచుకుంటే అది ఫిక్స్‌డ్ కోడ్. తిరిగిచ్చేయండి.

డబ్బాలో ఉండాల్సినవి: మెయిన్ యూనిట్, రెండు రిమోట్లు, సైరన్, రెండు మెట్ల షాక్ సెన్సరు (చిన్న తాకిడికి నాలుగు కూతలు, గట్టి దెబ్బకి పూర్తి సైరన్), బానెట్ పిన్ స్విచ్చి, వ్యాలే స్విచ్చి (రిమోటు లేకుండా అలారం ఆపేది), ఎల్‌ఈడీ, ఇంజిన్ కట్ రిలే, ఫ్యూజు హోల్డర్లున్న వైరింగ్. సెంట్రల్ లాకింగ్ కూడా ఇందులోనే కావాలంటే నాలుగు యాక్చువేటర్లు (డోరు లాక్‌ని లాగే చిన్న మోటార్లు). డ్రైవరు డోరుకి 5 వైర్లది, మిగతా మూడింటికి 2 వైర్లవి. సైరన్ ఎంతసేపు మోగుతుందో అడగండి. యూరప్ నిబంధనలు ఒక్కో విడతకి 25 నుంచి 30 సెకన్లే అనుమతిస్తాయి, మన వీధికీ అది సరిపోతుంది. ఆపేదాకా మోగుతూనే ఉండే రకం బ్యాటరీనీ తినేస్తుంది, ఇరుగుపొరుగునీ దూరం చేస్తుంది.

ఇన్సూరెన్సు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. పాత మోటార్ టారిఫ్ ప్రకారం ఏఆర్‌ఏఐ (వాహనాలని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరం బిగించి, ఆ బిగింపుకి ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ తెస్తే ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గేది. ఇప్పుడు ఎంత తగ్గుతుందో మీ కంపెనీనే అడగండి. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ ఆమోదం ఉన్న యూనిట్‌ని వేడికీ, అదురుకీ పరీక్షించి ఉంటారు. కొనడానికి అసలు కారణం అది. బిల్లు దాచుకోండి.

కరెంటు, ఎర్త్

పని మొదలుపెట్టేముందు 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. వైర్లని గుర్తుపట్టడానికి కరెంటు కావాలి కాబట్టి మీటరుతో చూడటం ముందు, కోయడం తర్వాత. పసుపు కప్లరు, పసుపు స్లీవు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ లైను. దాన్ని మీటరుతో కూడా ముట్టుకోకూడదు. బల్బున్న టెస్ట్ ల్యాంపు కారు కంప్యూటర్ వైర్లమీద పెట్టొద్దు, అది లాగే కరెంటు ఆ సర్క్యూట్లకి ఎక్కువ.

ఇగ్నిషన్ స్విచ్చి కింద నాలుగు రకాల వైర్లుంటాయి. రంగుల్ని నమ్మకండి, ఒకే మోడల్లో కూడా ఏడాదికీ ఏడాదికీ మారతాయి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది బ్యాటరీ వైరు. తాళం ఆన్‌లోనూ, సెల్ఫ్ కొట్టేటప్పుడూ రెండుసార్లూ వోల్టేజీ నిలిపేది ఇగ్నిషన్. స్టీరియోకి వెళ్ళేది ఏసీసీ, సెల్ఫ్ కొట్టగానే అది పడిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడే 12 వోల్టులు వచ్చేది స్టార్టర్ వైరు. అలారం ఇగ్నిషన్ వైరుని ఏసీసీకి కలపడం చాలా చోట్ల జరిగే తప్పు. అలా కలిపితే ప్రతి సెల్ఫ్‌కీ తాళం తీసేశారని యూనిట్ అనుకుంటుంది. డోర్లు వాటంతటవే లాకవ్వడం, తెరుచుకోవడం మొదలవుతుంది. ఆర్నెల్లు తిరిగినా కారణం దొరకదు.

మెయిన్ పవర్‌ని నేరుగా బ్యాటరీనుంచి తెస్తే టెర్మినల్‌కి జానెడులోపే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజుకి ముందున్న వైరుకి రక్షణ లేదు. అది బాడీకి రాసుకుంటే మంటే. ఎర్త్‌కి డాష్‌బోర్డ్ కింద ఏదో ఒక స్క్రూ సరిపోదు. అసలు బాడీ రేకుమీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక రింగు టెర్మినల్, పళ్ళ వాషర్, 6 ఎంఎం బోల్టుతో బిగించి, పైన గ్రీజు రాయాలి. ఎర్త్ వదులైతే లక్షణాలు విడ్డూరంగా ఉంటాయి. ఇండికేటర్ వేస్తే ఎల్‌ఈడీ మినుకుమంటుంది, సైరన్ గొంతు పూడినట్టు మోగుతుంది.

యూనిట్‌ని పెడళ్ళ పైన వేలాడదీయడం అలవాటైపోయింది. వద్దు. కాలు తగులుతుంది, దొంగ చెయ్యి కూడా అంతే తేలిగ్గా అందుతుంది. డాష్‌బోర్డ్ లోపల, ఏసీ బ్లోయర్‌కి దూరంగా, కప్లర్లు కిందికి ఉండేలా పెట్టండి. వైరు కప్లర్‌లోకి వెళ్ళేముందు కొంచెం కిందికి వాలి మళ్ళీ పైకెక్కాలి. అప్పుడు వైరుమీదుగా జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కిందపడుతుంది, లోపలికి పోదు. ఏంటెన్నా వైరు సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీకి కావలసిన పొడవే అది. కోయొద్దు, చుట్టొద్దు, మిగతా వైర్లతో కలిపి టేపు వెయ్యొద్దు. రిమోటు దగ్గరికొస్తేగానీ పనిచెయ్యట్లేదంటే ముందు చూడాల్సింది అదే.

డోరు వైరు

ఊరికే మోగే అలారాల్లో ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి. మన కార్లలో చాలావరకు డోరు స్విచ్చి తెరిచినప్పుడు ఎర్త్ ఇస్తుంది. కాబట్టి అలారంలో నెగటివ్ ట్రిగర్ వైరు (ఎర్త్ తగిలితే అలారాన్ని లేపేది) వాడాలి. పని తేలికని చాలామంది ఈ వైరుని లోపలి రూములైటు నుంచి లాగుతారు. రూములైటు మెల్లగా ఆరే రకమైతే తలుపు మూశాక కూడా కొన్ని సెకన్లు డోరు తెరిచి ఉన్నట్టే యూనిట్‌కి కనిపిస్తుంది. ఆ బల్బు తీసి ఎల్‌ఈడీ వేశారా, వైరుమీద వోల్టేజీ అటూఇటూ కాకుండా నిలుస్తుంది, రాత్రి ఎప్పుడో అలారం లేస్తుంది. బల్బు మాడిపోతే వైరుకి ఆధారమే పోతుంది. శ్రమైనా పిల్లర్ (తలుపు ఆనే నిలువు రేకు) దగ్గరున్న డోరు స్విచ్చి వైరునుంచే తీసుకోండి.

డ్రైవరు డోరు వైరు విడిగా, మిగతా డోర్లది విడిగా ఉండే కార్లు కొన్ని ఉంటాయి. రెండింటినీ ముడేసి కలిపితే ఏ డోరు తెరిచినా డ్రైవరు డోరు తెరిచినట్టే కారు అనుకుంటుంది. ఒక్కో వైరుకి ఒక్కో 1ఎన్4007 డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) పెట్టండి. వెండి గీత ఉన్న కొన డోరు స్విచ్చి వైపు, రెండో కొన అలారం వైపు. తిరగేస్తే అలారానికి డోరే కనిపించదు.

ఇండికేటర్లకి రెండు వైర్లు విడివిడిగా వస్తాయి. ఎడమది ఎడమకి, కుడిది కుడికి. రెండూ కలిపితే ఎడమ ఇండికేటర్ వేసినా నాలుగూ వెలుగుతాయి. రెండు వైపులా కలిపి 21 వాట్ల బల్బులు నాలుగు, పక్క బల్బులు 5 వాట్లవి రెండు, మొత్తం 94 వాట్లు. అంటే దాదాపు 8 ఆంపియర్లు. సన్న వైరుతో సరిపెట్టకండి.

ఇంజిన్ కట్

ఇందులో తొందరపడకూడదు. రిమోటుతో నడుస్తున్న ఇంజిన్‌ని ఆపే సౌకర్యం కొన్ని కిట్లలో ఉంటుంది. ఆ వైరు అసలు కలపొద్దు. హైవేమీద ఇంజిన్ ఆగితే బ్రేకుకి వ్యాక్యూమ్ సాయం పోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. అప్పుడు బండిలో ఉన్నది దొంగా, మీ పిల్లలా అన్నది రిలేకి తెలియదు. స్టార్టర్ వైరుని మాత్రమే కట్ చెయ్యండి.

రిలే 40 ఆంపియర్లది, 5 కాళ్ళది. కాళ్ళమీద ఉండే నంబర్లు: 30, 85, 86, 87, 87ఏ. స్టార్టర్ వైరుని కోసి, తాళం వైపు కొనని 30కి, స్టార్టర్ వైపు కొనని 87ఏకి ఇవ్వండి. కరెంటు లేనప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) పోయినా, యూనిట్ చచ్చిపోయినా మీ బండి స్టార్టవుతుంది. 87కి ఇచ్చి బిగిస్తే ఏ పెళ్ళికో బయల్దేరినరోజు యూనిట్ పాడై రోడ్డుమీద నిలబడాల్సి వస్తుంది. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

కాయిల్‌ విషయంలో ఇంకో మెలిక ఉంది. 86కి కరెంటు ఇగ్నిషన్ వైరునుంచి ఇవ్వాలి, 85కి అలారం ఇచ్చే నెగటివ్ కలపాలి. అలా పెడితే అలారం వేసి (రిమోటుతో కాపలాకి పెట్టి) ఉన్నా తాళం తిప్పినప్పుడే రిలే లాగుతుంది. ఇది తెలియక 86ని బ్యాటరీ వైరుకి కలిపేవాళ్ళున్నారు. కాయిల్ సుమారు 150 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. రోజంతా అలారం వేసి ఉంచితే 3.6 ఆంపియర్ అవర్లు. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లదే. వారం ఊరెళ్ళి వచ్చేసరికి సెల్ఫ్ టిక్ టిక్ అంటుంది, పాపం నింద బ్యాటరీ మీద పడుతుంది. 85, 86 మధ్య ఒక డయోడు, గీత 86 వైపు ఉండేలా పెడితే కాయిల్ వదిలినప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బ యూనిట్‌కి తగలదు.

దీని హద్దు కూడా తెలిసుండాలి. గేరు బండిని తోసి స్టార్ట్ చేస్తే స్టార్టర్ కట్ ఆపలేదు. అందుకే స్టీరింగ్ లాకో, గేర్ లాకో దీనికి తోడుగా ఉండాలి.

సెన్సరు, సైరన్, డోర్లు

షాక్ సెన్సరుని ప్లాస్టిక్ డాష్‌బోర్డ్‌కి టేపుతో అంటించకండి. స్టీరింగ్ కింద అడ్డంగా వెళ్ళే ఇనుప బ్రాకెట్‌కి స్క్రూతో బిగిస్తే బాడీ దెబ్బ సరిగ్గా తెలుస్తుంది, అప్పుడు సెన్సిటివిటీ తక్కువలో పెట్టుకోవచ్చు. తిప్పే స్క్రూని మొదట పూర్తిగా తగ్గించి, అలారం వేసి ఒక నిమిషం ఆగి, అరచేత్తో తలుపు పిల్లర్‌మీద కొట్టండి. కూతలు వచ్చేదాకా కొంచెం కొంచెంగా పెంచండి. పిడికిలితో గట్టిగా కొడితేనే పూర్తి సైరన్ రావాలి. పక్కనుంచి లారీ వెళ్తేనో, పిల్లి బానెట్ ఎక్కితేనో కూతలు కూడా రాకూడదు. దీపావళి వారంలో సెన్సరు ఇంకాస్త తగ్గించుకోండి. లక్ష్మీబాంబు దెబ్బకి సరిగ్గా పెట్టిన సెన్సరు కూడా లేస్తుంది.

సైరన్ నోరు కిందికి ఉండాలి. పైకి పెడితే మొదటి వానకే నిండిపోతుంది. సైలెన్సర్ పైపు వేడికి దూరంగా, చక్రం సందులోంచి చెయ్యి అందనిచోట బిగించండి. వైరుని లోపలికి తేవడానికి రేకుకి కొత్త రంధ్రం అక్కర్లేదు, ఉన్న రబ్బరు బుష్‌కి చిన్న గాటు పెట్టి దూర్చి సిలికాన్‌తో మూసెయ్యండి. బానెట్ పిన్ స్విచ్చి నీళ్ళు పారే గాడిలో పెట్టకూడదు. అక్కడ తుప్పు పట్టి తనంతట తానే ఎర్త్ ఇస్తుంది. ఎండాకాలమంతా బుద్ధిగా ఉన్న అలారం శ్రావణమాసంలో మోగుతోందంటే ముందుగా ఆ స్విచ్చి వైరు తీసి చూడండి.

యాక్చువేటర్ విషయంలో ఒక్కటే సూత్రం. దాని కడ్డీ, లాక్ కడ్డీ ఒకే గీతలో కదలాలి. వంకరగా లాగితే మోటారు నెలల్లో పోతుంది. డోర్ ప్యాడ్ మూసేముందు అద్దాన్ని పూర్తిగా దించి ఎత్తి చూడండి, స్క్రూ మొన తగిలిందా గీత పడ్డట్టే. వైర్లు డోరుకీ పిల్లర్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోంచే వెళ్ళాలి. లోపలున్న ప్లాస్టిక్ షీటుని చింపి వదిలేస్తే వాననీళ్ళు కారులోకొస్తాయి, కార్పెట్ కంపు కొడుతుంది.

జాయింట్లన్నీ సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవు వెయ్యండి, లేదా సరైన ప్లయరుతో క్రింపు చెయ్యండి. మెలితిప్పి నల్ల ఇన్సులేషన్ టేపు చుడితే రెంటచింతల, రామగుండం ఎండలకి జిగురు కరిగి టేపు జారుతుంది. పైన చుట్టడానికి గుడ్డ టేపు మంచిది. అది వైర్లు గలగలమనకుండా కూడా ఆపుతుంది.

అప్పగించుకునేముందు

మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ, తీసిన వైరుకీ మధ్య కలపండి. బానెట్ తెరిచే ఉంటుంది కాబట్టి పిన్ స్విచ్చిని చేత్తో నొక్కి పట్టుకునేలా ఎవరినైనా నిలబెట్టండి. లేదా టేపుతో అదిమి ఉంచండి. అలారం వేసి, కారు కంప్యూటర్ నిద్రపోవడానికి అరగంట వదిలి రీడింగ్ చూడండి. మొత్తం 20 నుంచి 30 మిల్లీ ఆంపియర్లు ఉంటే బాగున్నట్టే. 50 దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎక్కడ పడిపోతుందో వెతకండి. మీటరు అలా ఉండగా మాత్రం తాళం తిప్పొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

తర్వాత ఒక అద్దం దించి, తలుపులు మూసి అలారం వేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక్కో డోరూ లోపలినుంచి తెరిచి చూడండి. డిక్కీ, బానెట్ మర్చిపోవద్దు. అలారం వేసి ఉండగా తాళం పెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి, ఇంజిన్ తిరగకూడదు.

వ్యాలే స్విచ్చి ఎక్కడ దాచారో మెకానిక్ చేత చూపించుకోవాలి. రిమోటు పోయినా, అందులో బ్యాటరీ చచ్చినా కారుని వదిలించేది అదొక్కటే. తాళంచెవితో డోరు తెరిచి, సైరన్ మోగుతున్నా కంగారుపడకుండా, ఇగ్నిషన్ ఆన్ చేసి మాన్యువల్‌లో చెప్పిన సెకన్లలోపల దాన్ని నొక్కాలి. మెకానిక్ ఉండగానే ఒకసారి చేసి చూడండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరితోనూ చేయించండి, ఆ మాన్యువల్‌ని కారులో ఉంచకండి. రిమోటు విప్పి లోపలి బ్యాటరీ నంబరు చూసుకోండి, 12 వోల్టుల 23ఏ, 27ఏ, లేదా 3 వోల్టుల సీఆర్2032 అయ్యుంటుంది. అలాంటిది ఒకటి అదనంగా కొని రెండో రిమోటుతోపాటు ఇంటి బీరువాలో పెట్టండి.